నాలుగు మినుకులు

నాలుగుసార్లు మినుకుతుంది. ఆగుతుంది.
మళ్ళీ నాలుగు.
డ్రైవు మీది ఎర్రదీపం భాషలో నాలుగంటే
"నువ్వు చెప్పిన చోటికి నేను చేరలేదు."
ఎందుకని అడిగితే
మళ్ళీ నాలుగే.

నవంబరు చివర కొండ వెనక్కి పోయిన సూర్యుడు
ఈసాఫ్యోర్దుర్‌లో జనవరి ఆఖరు దాకా మొహం చూపించడు.
గ్యారేజీలో నేను, నా మిల్లు, చేపనూనె వాసన.
పాత ట్రాలర్ దూలాలు కోసి దీనికి ఒళ్ళు కట్టింది నేను.
నరాలు మా తమ్ముడు ఓర్మూర్‌వి.
వాడిప్పుడు గ్రీన్‌లాండ్ వైపు ఎక్కడో వలల మీద.

థోర్గ్నీర్ పడవలో గాలాల యంత్రానికి పళ్ళచక్రం కావాలి.
ఇత్తడిది, ముప్పై ఆరు పళ్ళు.
పదకొండో పన్ను దగ్గర వై అక్షం మొరాయించింది.

మొదట డ్రైవుని అనుమానించాను.
ఎక్స్‌ది వైకి, వైది ఎక్స్‌కి మార్చి బిగించాను.
ఎక్స్ నిమ్మళంగా నడిచింది. వై అక్కడే ఆగింది.
అమాయకుణ్ణి రెండు రోజులు కొట్లో పెట్టినట్టయింది.
గెయిన్ తగ్గిస్తే మోటారు తూలింది,
పెంచితే కందిరీగలా ఏడ్చింది.
స్పిండిల్ రొద తీగల్లోకి ఎక్కుతోందేమోనని
కవచాన్ని ఒక్క కొసనే నేలకి కలిపాను.
మంచి పనే. జబ్బుతో చుట్టరికం లేని మంచి పని.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు
ఆ రాత్రి తమ్ముడికి రాశాను:
"నీ క్రింపులే వదులు. ఆ రోజు తాగి చేశావు."

ఒక్కటి మాత్రం నన్ను పిచ్చిదాన్ని చేసింది.
పొద్దున్నే తప్పు, మధ్యాహ్నానికి మాయం.
హీటర్ వేసిన గంటకి
డాక్టరు ముందు దగ్గు మరిచిపోయిన పిల్లాడిలా
ఎంతో బుద్ధిగా కోసుకుపోయేది.
హీటర్ ఆపి, కోటు తొడుక్కుని,
చలినే కూలికి పెట్టుకోవాలని
మూడో వారానికి గాని తట్టలేదు.

మైనస్ ఆరు.
చేపల ఫ్యాక్టరీ నుంచి అడిగి తెచ్చిన ఆసిలోస్కోపు.
ఏ, బి, రెండు గీతలు.
ఒకటి మెట్టెక్కిన కాసేపటికి రెండోది.
బల్లని చేత్తో తోశాను.
రెండు వందల పన్నెండు మిల్లీమీటర్లు,
వెళ్ళేటప్పుడు ఏ గొడవా లేదు.
తిరిగొస్తుంటే
బి మెట్టు దిగింది,
మరి ఎక్కలేదు.

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు.
ఇక్కడ తీగ వంగితే చాలు, డొంకంతా ఆగిపోతోంది.

కేబుల్ గొలుసు లింకు లింకూ విప్పాను,
వేళ్ళు ఎవరివో అయినట్టుగా.
వంపు దగ్గర ఒక నల్ల ప్లాస్టిక్ టై.
కేబుల్ మెడ పట్టి బిగించి,
మిగిలిన కొసని నున్నగా కత్తిరించి ఉంది.

ఓర్మూర్ కొసలు కత్తిరించడు.
పిల్లి మీసాల్లా వదిలేస్తాడు,
అందుకు తిట్లు తింటాడు కూడా.
ఈ నున్నటి కొస నాది.
మార్చిలో ఒక సాయంత్రం,
చూడ్డానికి బాగుండాలని.

తీగ పైతొడుగు చెక్కుచెదరలేదు.
లోపల రాగి తెగి
వెచ్చగా ఉన్నంతసేపు రెండు ముక్కలూ ఆనుకుని
కలిసే ఉన్నామని చెప్పుకుంటూ వచ్చాయి.

కొత్త కేబుల్ లాగాను. వంపు దగ్గర వదులుగా వదిలాను,
చూడ్డానికి అసహ్యంగానే ఉంది.
తమ్ముడికి పెద్ద ఉత్తరం మొదలుపెట్టి,
మూడుసార్లు చెరిపి,
"క్రింపులు బాగున్నాయి" అని పంపాను.
రెండు రోజులకి జవాబు: "తెలుసు."

కొండ దాటి వెలుగు వీధిలో పడ్డ రోజు,
ఊరంతా కాఫీలోకి పల్చటి అట్లు పోసుకునే రోజు,
థోర్గ్నీర్ వచ్చాడు.
ముప్పై ఆరు పళ్ళూ బొటనవేలితో తడిమి
చక్రాన్ని జేబులో వేసుకున్నాడు.
"ఇంతకాలం పట్టిందేం?"
"చలి" అన్నాను.

అబద్ధం కాదు.